త్రీ నాట్ త్రీ రైఫిల్‌లో అసలు భాగమేది, మార్చిందేది? గుర్తుపట్టడం ఎలా

మన దగ్గర తరాలుగా లైసెన్స్ ఉన్న కుటుంబాల్లో తుపాకీ గురించి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఇది మా తాతగారి కాలం నాటిది, ఒక్క స్క్రూ కూడా మారలేదు" అని. ఆ మాట నిజమే కావొచ్చు. కానీ పాత సైనిక రైఫిల్ విషయంలో ఒక్క స్క్రూ కూడా మారకపోవడం చాలా అరుదు. బ్యారెల్, బోల్ట్, సైట్, చెక్క, మ్యాగజైన్ అన్నీ ఊడదీసి మార్చగలిగేవే. సైన్యం వాటిని మార్చుకుంటూనే వాడింది. తర్వాత వ్యాపారులు మార్చారు. కొందరు మోసం చేయడానికే మార్చారు.

ఏది అసలు, ఏది తర్వాత వచ్చింది అనేది సరదా కోసం తెలుసుకునే విషయం మాత్రమే కాదు. దీని మీద మూడు ఆధారపడి ఉన్నాయి. ఒకటి ధర. రెండోది కాల్చేవాడి ప్రాణం. మూడోది చట్టం. ఈ మూడో దాని గురించి చాలామందికి తెలియదు, అందుకే చివర్లో వివరంగా రాశాం.

ఉదాహరణకు మనకు బాగా తెలిసిన రైఫిల్‌నే తీసుకుందాం. జనం "త్రీ నాట్ త్రీ" అని పిలిచే .303 లీ-ఎన్‌ఫీల్డ్. ఎన్‌సీసీలో చేరినవాళ్లు చాలామంది దీన్ని భుజాన వేసుకుని డ్రిల్ చేసినవాళ్లే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో దీనికి వీడ్కోలు చెప్పారు. డిజైన్ చేసిన జేమ్స్ పారిస్ లీ, లండన్ దగ్గరి ఎన్‌ఫీల్డ్ కార్ఖానా, ఈ రెండు పేర్లు కలిసి దీని పేరు అయింది.

"అసలు" అంటే ఏమిటి?

ముందు ఈ మాట తేల్చుకోవాలి. పాత రైఫిల్‌లో ఉండే భాగాలు మూడు రకాలు.

మొదటి రకం: కార్ఖానా నుంచి ఆ రైఫిల్‌తో పాటే బయటికొచ్చిన భాగం.

రెండో రకం: సైన్యంలో ఉండగా ఆయుధశాలలో మార్చిన భాగం. ఇది మొదటి భాగం కాదు, కానీ నకిలీ కూడా కాదు. ఆ రైఫిల్ చేసిన సర్వీసులో అదీ ఒక భాగమే. 1915లో తయారై, 1942లో కొత్త బ్యారెల్ వేయించుకుని మళ్లీ యుద్ధానికి పోయిన రైఫిల్ అబద్ధం చెప్తున్నట్టు కాదు.

మూడో రకం: సైన్యం వదిలేశాక ఎవరో అమ్మకం కోసమో, అందం కోసమో తగిలించిన భాగం. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

అకౌంట్స్ చదివినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పుస్తకంలో కొట్టివేత ఉంటే తప్పు కాదు, పక్కన సంతకం, తేదీ ఉంటే చాలు. సంతకం లేకుండా గీకేసి రాస్తేనే అనుమానం. రైఫిల్ కూడా అంతే. సైన్యం ఏదైనా మారిస్తే సాధారణంగా ముద్ర వేసి మారుస్తుంది.

మొదట రిసీవర్ చూడాలి

రైఫిల్‌కు అసలు గుర్తింపు రిసీవర్. అంటే బోల్ట్ ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప శరీరం. మిగతావన్నీ దీనితో పోల్చి చూడాల్సిందే.

పాత షార్ట్ మోడల్‌లో ట్రిగ్గర్ వెనక, బట్ చెక్క మొదలయ్యే చోట ఉండే ఇనుప పట్టీకి కుడివైపు చూడండి. పైన కిరీటం, దాని కింద రాజు పేరు అక్షరాలు, తర్వాత కార్ఖానా పేరు, సంవత్సరం, మోడల్ వరుసగా ఉంటాయి. ఎన్‌ఫీల్డ్, బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, ఎల్.ఎస్.ఎ. అంటే లండన్ స్మాల్ ఆర్మ్స్, ఆస్ట్రేలియాలో లిత్‌గో, మన దేశంలో కోల్‌కతాకు ఉత్తరాన ఇషాపూర్. ఇషాపూర్ రైఫిళ్ల మీద జి.ఆర్.ఐ. అనే అక్షరాలు కనిపిస్తే అది రాజు, చక్రవర్తి జార్జి అనే అర్థంలో వేసిన లాటిన్ పొట్టి అక్షరాలు. స్వాతంత్ర్యం తర్వాతి వాటిలో కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి.

మార్క్ 3 మోడల్ 1907లో వచ్చింది. యుద్ధంలో తయారీ వేగం పెంచడానికి కొన్ని హంగులు తీసేసి 1916లో మార్క్ 3 స్టార్ తెచ్చారు. ఆ నక్షత్రం గుర్తుకు అర్థం అదే. ఎడమవైపు ఉండే దూరపు వాలీ సైట్, కుడివైపు మ్యాగజైన్‌ను మూసే కట్-ఆఫ్ రేకు స్టార్ మోడల్‌లో తీసేశారు.

కాబట్టి 1912 నాటి రైఫిల్‌కు వాలీ సైట్ లేకపోతే కంగారు పడనక్కర్లేదు, తర్వాత రిపేరులో సైన్యమే తీసేసి ఉంటుంది. తలకిందులుగా ఆలోచించండి. మిగతా భాగాలన్నీ అరిగిపోయి, వాలీ సైట్ ఒక్కటే కొత్తగా నిగనిగలాడుతుంటే అనుమానించాలి. ఎందుకంటే ఆ సైట్లను ఇప్పుడు కొత్తగా చేసి అమ్ముతున్నారు.

తేదీ ఇంకో పని కూడా చేస్తుంది. ఇంట్లో చెప్పుకునే కథను పరీక్షిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా దాకా వెళ్లారు. ఫలానా రైఫిల్ ఆ యుద్ధం నుంచి వచ్చిందని ఎవరైనా చెప్తే, రిసీవర్ మీద సంవత్సరం 1918 లేదా అంతకు ముందుది అయి ఉండాలి. 1942 అని ఉంటే పెద్దాయన యుద్ధానికి వెళ్లింది నిజమే కావొచ్చు, ఆ రైఫిల్ మాత్రం వెళ్లలేదు.

నంబర్లు ఎక్కడెక్కడ కలవాలి?

షార్ట్ మోడల్ లీ-ఎన్‌ఫీల్డ్‌లో ఒకే సీరియల్ నంబర్‌ను పలు చోట్ల కొట్టేవారు. ఈ వరుసలో చూస్కోండి:

1. రిసీవర్ ముందు గుండ్రటి భాగం, కుడివైపు.
2. బ్యారెల్ మొదలు, రిసీవర్‌లో దిగే చోటు పక్కనే.
3. బోల్ట్ పిడి వెనకవైపు.
4. వెనక సైట్ రేకును పైకెత్తితే దాని అడుగున.
5. ముందు చెక్క అడుగున, మూతి దగ్గర.
6. మూతికి తొడిగే నోస్‌క్యాప్ మీద.

ఆరూ కలిస్తే అది చాలా అరుదైన రైఫిల్. రిసీవర్, బ్యారెల్, బోల్ట్ మూడూ కలిస్తే కూడా మంచిదే. చెక్క, నోస్‌క్యాప్ మారిపోవడం సర్వసాధారణం. మ్యాగజైన్‌కు నంబర్ లేకపోవడం ఈ మోడల్‌లో లోపంగా లెక్కపెట్టరు.

రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చిన నంబర్ 4 మోడల్‌లో పద్ధతి వేరు. సీరియల్ నంబర్ బట్ మొదలయ్యే పట్టీకి ఎడమవైపు ఉంటుంది, బోల్ట్ పిడి వెనక కూడా ఉంటుంది. అమెరికాలో సావేజ్ కంపెనీ చేసిన వాటి మీద "యు.ఎస్. ప్రాపర్టీ" అని ముద్ర ఉంటుంది. వాటి చిన్న భాగాల మీద చతురస్రంలా మలిచిన ఎస్ అక్షరం కనిపిస్తుంది. కెనడాలోని లాంగ్ బ్రాంచ్ కార్ఖానా భాగాలకు ఎల్.బి. గుర్తు. సావేజ్ రైఫిల్‌కు లాంగ్ బ్రాంచ్ సైట్ ఉందంటే అది బహుశా తర్వాత వచ్చిందే.

నంబర్ 4 వెనక సైట్‌లో కూడా తేడాలున్నాయి. మొదటిది స్క్రూ తిప్పుతూ దూరం సర్దుకునే ఖరీదైన సైట్. యుద్ధ కాలంలో త్వరగా అవ్వాలని 300, 600 గజాలకు రెండే రంధ్రాలున్న మడత సైట్ పెట్టారు. యుద్ధం తర్వాత రిపేరుకొచ్చిన చాలా రైఫిళ్లకు ఆ మడత సైట్ తీసేసి సర్దుకునే సైట్ వేశారు. అందుకే "మంచి సైట్ ఉంది కాబట్టి ఇదే అసలు" అనే లెక్క తప్పు.

సైన్యం మార్చిందా, మోసగాడు మార్చాడా?

ఆయుధశాలలో బోల్ట్ మార్చినప్పుడు పాత నంబర్ మీద గీత కొట్టి, పక్కన కొత్త నంబర్ వేయడం మామూలే. గీత కింద పాత నంబర్ చదవడానికి వస్తుంది. దాచాల్సిన పని వాళ్లకు లేదు కదా.

మోసగాడి పద్ధతి ఇలా ఉండదు. పాత నంబర్‌ను ఆకురాయితో పూర్తిగా అరగదీసి, కొత్తది కొడతాడు. దాన్ని పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి:

* నంబర్ ఉన్న చోట ఇనుము కాస్త పల్లంగా ఉంటుంది. వెలుతురును ఏటవాలుగా పడనిస్తే తెలిసిపోతుంది.
* అంకెల ఆకారం రిసీవర్ మీద అంకెలతో కలవదు. ముఖ్యంగా 3, 4, 7 పోల్చి చూడండి.
* అంకెల లోపల పాత నలుపు, మురికి ఉండదు. మెరుపు ఉంటుంది, లేదంటే చుట్టుపక్కల లేని కొత్త రంగు ఉంటుంది.

పూర్తి స్థాయి కార్ఖానా రిపేరు జరిగితే ఎఫ్.టి.ఆర్. అని, సాధారణంగా సంవత్సరంతో సహా ముద్ర ఉంటుంది. అంటే ఫ్యాక్టరీ థరో రిపేర్. ఈ ముద్ర ఉన్న రైఫిల్‌లో భాగాలు కలగలిసి ఉండటం సహజం. రెండో యుద్ధం తర్వాత ఇలా రిపేరైన వాటికి నల్ల పెయింట్ వేయడం కూడా ఉంది. కొందరు ఆ పెయింట్ చూసి "ఎవరో పాడుచేశారు" అనుకుని గీకేస్తారు. నిజానికి అది చరిత్రలో ఒక పేజీ, గీకేస్తే ఆ పేజీ చించేసినట్టే.

ఏ దేశం చేతిలో ఉంది?

బ్రిటన్ ప్రభుత్వ ఆస్తికి బాణం మొన గుర్తు వాడేవారు. బాణం కింద ఐ అక్షరం ఉంటే అది భారత ప్రభుత్వ ఆస్తి. రెండు డి అక్షరాల మధ్య బాణం ఆస్ట్రేలియాది, సి అక్షరంలో బాణం కెనడాది. రెండు బాణాల మొనలు ఎదురెదురుగా తాకుతుంటే, సైన్యం దాన్ని అమ్మేసిందని అర్థం. బ్యారెల్ మొదట్లో చిన్న నక్షత్రం ఉంటే గొట్టం లోపల తుప్పు గుంటలు పడ్డాయని ఆయుధశాల ఇచ్చిన హెచ్చరిక.

చెక్క కూడా చాలా చెప్తుంది. ఇంగ్లండ్ పాత రైఫిళ్లకు ఎక్కువగా వాల్‌నట్, రెండో యుద్ధ కాలంలో బీచ్, బర్చ్ కూడా వాడారు. ఆస్ట్రేలియా రైఫిళ్లలో అక్కడి కోచ్‌వుడ్ కనిపిస్తుంది. ఇషాపూర్ వాళ్లు ముందు చెక్క చీలకుండా రిసీవర్ కింది భాగంలో అడ్డంగా ఒక స్క్రూ బిగించేవారు, దాన్ని సేకర్తలు ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు ఆ స్క్రూ ఉందంటే అది మన దేశంలో సర్వీసు చేసిందనడానికి గట్టి సాక్ష్యం. చెక్కకు పడిన చిన్న అతుకులు కూడా చూడండి. నీటుగా చతురస్రంగా కోసి అతికించిన ముక్క ఆయుధశాల పనితనం. జిగురు పొంగిపొర్లితే అది ఇంటి పని.

బట్ కుడివైపు గుండ్రటి ఇత్తడి బిళ్ల ఉంటే దాని మీద పటాలం పేరు, ఆయుధం నంబర్ ఉంటాయి. మొదటి యుద్ధం మధ్యలో ఖర్చు తగ్గించడానికి ఈ బిళ్లలు ఆపేశారు. బిళ్ల మాత్రమే విడిగా కూడా దొరుకుతుంది కాబట్టి, ఒక్క బిళ్లను నమ్మి ధర పెంచకండి.

ఇదే మెజారిటీ దేశాలకు వర్తిస్తుందా?

వర్తించదు. ప్రతి సైన్యానికీ ఒక పద్ధతి. జర్మన్ కే98కేలో చిన్న స్క్రూల మీద కూడా సీరియల్ నంబర్ చివరి రెండంకెలు కొట్టేవారు, గద్ద ముద్రలు ఉంటాయి. వాటిని సోవియట్ సైన్యం పట్టుకుని రిపేరు చేస్తే నంబర్లను విద్యుత్ పెన్సిల్‌తో రాసింది, చెక్కకు మెరిసే లక్క పూసింది. రష్యా మోసిన్-నాగాంట్‌లో గీతతో అడ్డంగా కోసిన చిన్న పెట్టె గుర్తు మరమ్మతుకు చిహ్నం.

అమెరికా ఎం1 గారాండ్ లెక్క పూర్తిగా వేరు. అందులో సీరియల్ నంబర్ రిసీవర్ మీదే ఉంటుంది. మిగతా భాగాల మీద డ్రాయింగ్ నంబర్, కార్ఖానా అక్షరాలు ఉంటాయి. కాబట్టి గారాండ్ అమ్మేవాడు "అన్ని నంబర్లూ కలిశాయి" అంటే, ఆ రైఫిల్ గురించి అతనికే తెలియదన్నమాట. అమెరికాలో చట్టబద్ధంగా పాత రైఫిళ్లు సేకరించే మన తెలుగువాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

అసలు రైఫిలే కాదు అనేవి

పాకిస్తాన్‌లోని దర్రా ఆదంఖేల్, ఆ చుట్టుపక్కల సరిహద్దు కొండల్లో చేత్తో చేసిన లీ-ఎన్‌ఫీల్డ్ నకళ్లు లెక్కలేనన్ని. కొన్నింటి పనితనం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కానీ ముద్రలు చెక్కేవాడికి ఇంగ్లిష్ రాకపోవడం వల్ల దొరికిపోతాయి. ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది, ఎన్‌ఫీల్డ్ స్పెల్లింగ్ తప్పుతుంది. ఇంకో గుర్తు మరీ తేలిక. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోయింది. ఆమె పేరు అక్షరాలు, పక్కన 1910లాంటి సంవత్సరం ఉంటే, అది ప్రభుత్వ కార్ఖానాలో పుట్టింది కాదు.

ప్రాణం మీదికి తెచ్చే భాగం: బోల్ట్

ధర తగ్గితే నష్టం డబ్బే. బోల్ట్ విషయంలో నష్టం వేరు. లీ-ఎన్‌ఫీల్డ్‌లో ప్రతి బోల్ట్‌నూ దాని రిసీవర్‌కు సరిపోయేలా సర్ది, ఆ తర్వాతే నంబర్ కొట్టేవారు. వేరే బోల్ట్ తగిలిస్తే అది లోపలికి పోవచ్చు, మూసుకోవచ్చు కూడా. కానీ తూటా అంచుకూ బోల్ట్ ముఖానికీ మధ్య ఖాళీ ఎక్కువైతే, కాల్చినప్పుడు ఇత్తడి తొడుగు పగిలి వేడి గ్యాస్ కాల్చేవాడి ముఖం వైపు రావొచ్చు. నంబర్ 4లో ఈ ఖాళీ సర్దడానికే బోల్ట్ తలలను 0 నుంచి 3 వరకు నాలుగు సైజుల్లో చేశారు. సరైన గేజ్‌తో ఆర్మరర్ పరీక్షించకుండా నంబర్ కలవని బోల్ట్‌తో కాల్చడం ఎవరూ చేయకూడదు.

డి.పి. అని ముద్ర, చెక్క మీద తెల్ల పట్టీ ఉంటే అది డ్రిల్‌కు మాత్రమే. దాని భాగాలు ఊడదీసి కాల్చే రైఫిల్‌కు తగిలించకూడదు. ఇ.వై. అని ఉంటే అత్యవసరమైతే తప్ప వాడొద్దని సైన్యమే చెప్పింది. ముందు చెక్కకు రాగి తీగ చుట్టి ఉంటే అది గ్రనేడ్లు విసరడానికి వాడిన రైఫిల్, అప్పటికే చాలా దెబ్బలు తిన్నది. ఇక ఇషాపూర్ 1960లలో చేసిన 2ఏ, 2ఏ1 రైఫిళ్లు చూడటానికి త్రీ నాట్ త్రీలాగే ఉంటాయి, కానీ 7.62 తూటాకు కొత్తగా చేసినవి. వాటి మ్యాగజైన్ పెట్టెలా నలుచదరంగా ఉంటుంది. ఒకదాని బోల్ట్, మ్యాగజైన్ ఇంకోదానికి పెట్టే ప్రయత్నం వద్దు.

చట్టం ఏమంటోంది?

ఇది ప్రతి కుటుంబం చదవాల్సిన భాగం.

మన దేశంలో .303 రైఫిల్ నిషిద్ధ బోర్ కిందికి వస్తుంది. సాధారణ లైసెన్స్ దీనికి సరిపోదు. ఇషాపూర్ వాళ్లు పోలీసుల కోసం .303ను మార్చి చేసిన .410 మస్కెట్ కూడా ఆ జాబితాలోదే. బ్రిటిష్ కాలంలో పౌరులకు సైనిక బోర్ ఇవ్వకూడదని .315 బోర్‌లో వేట రైఫిళ్లు అమ్మారు. లీ డిజైన్ మీదే చేశారు కాబట్టి బయటికి ఒకేలా కనిపిస్తాయి. మీ ఇంట్లో లైసెన్స్‌లో రాసిన బోర్, బ్యారెల్ మీద ఉన్న బోర్ ఒకటేనా అన్నది ముందు తేల్చుకోవాల్సిన విషయం.

1959 ఆయుధాల చట్టంలో భాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. ఆన్‌లైన్‌లో బోల్ట్ తెప్పించుకోవడం, విదేశం నుంచి వచ్చే బంధువుతో బ్యారెల్ తెమ్మనడం నేరమే. రిపేరు చేయడానికి కూడా లైసెన్స్ ఉన్నవాడే కావాలి.

అన్నిటికంటే ముఖ్యం 8వ సెక్షన్. తుపాకీ మీద ఉన్న పేరు, నంబర్, గుర్తింపు ముద్రను చెరపడం, మార్చడం, నకిలీ వేయడం నేరం. నంబర్ చెరిగిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే, కాదని రుజువయ్యే వరకు వాళ్లే చెరిపారని చట్టం భావిస్తుంది. అంటే పాత రైఫిల్‌ను మెరిపిద్దామని పాలిష్ పట్టించి నంబర్ అరగదీస్తే, ధర పోవడమే కాదు, కేసు కూడా మెడకు చుట్టుకోవచ్చు. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 పురావస్తు చట్టం కూడా వర్తిస్తుంది, వాటిని దేశం దాటించడానికి వీల్లేదు. 2019 సవరణ ప్రకారం ఒక వ్యక్తి దగ్గర ఉండగలిగే తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. ఏది ఉంచుకోవాలి, ఏది అప్పగించాలి అని కుటుంబాలు తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు, ఏది నిజంగా విలువైనదో తెలిసి ఉండటం అవసరం.

ఇంట్లో చేయగలిగిన పని

లైసెన్స్ ఉన్న రైఫిల్ మీ దగ్గరో, డీలర్ దగ్గర డిపాజిట్‌లోనో ఉంటే ఈ పని చేయండి. ముందుగా అది ఖాళీగా ఉందని తెలిసినవాళ్లతో నిర్ధారించుకోండి. ఏ స్క్రూ విప్పకండి. గాడి చెడిన స్క్రూ కూడా ఒక సాక్ష్యమే. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, పైన చెప్పిన చోట్లన్నీ ఫోటో తీయండి. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: భాగం, దాని మీద ఉన్న ముద్ర, రిసీవర్‌తో కలిసిందా లేదా. ఆ కాగితాన్ని లైసెన్స్ కాపీతో కలిపి ఉంచండి. పెద్దవాళ్లు చెప్పే కథను కూడా తేదీతో సహా వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి.

పాత ఆయుధాలను దగ్గరగా చూసి కన్ను అలవాటు చేసుకోవాలంటే హైదరాబాద్‌లోనే సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ ఉన్నాయి. అక్కడి ముద్రలు, చెక్క రంగు, అరుగుదల గమనించి వచ్చాక ఇంట్లో ఉన్నదాన్ని చూస్తే, ఏది పాతదో, ఏది పాతదానిలా చేసిందో చాలావరకు మీకే తెలుస్తుంది.